బెథీనియా ఓవెన్స్-అడేర్ గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? పాప స్కూల్ ప్రాజెక్టు, నాకు తికమక

బీవర్టన్_వాసు
మా పాప ఐదో క్లాసు. వాళ్ళ స్కూల్లో ఏటా ఒక తంతు ఉంటుంది. పిల్లలు చరిత్రలో ఎవరో ఒకరి వేషం వేసుకుని బొమ్మల్లా కదలకుండా నిలబడతారు. ఎవరైనా వచ్చి భుజం తడితే "నేను ఫలానా" అని తమ కథ చెప్పాలి. ఈసారి ఒరెగాన్ పయనీర్లు, అంటే మొదట్లో వచ్చి స్థిరపడ్డవాళ్ళు. మా దానికి డాక్టర్లంటే పిచ్చి, అందుకని బెథీనియా ఓవెన్స్-అడేర్‌ని పట్టుకుంది. 1840లో మిస్సోరీలో పుట్టింది, మూడేళ్ళప్పుడు ఎడ్లబండ్ల మీద ఒరెగాన్ వచ్చింది, పద్నాలుగేళ్ళకి పెళ్ళి, పద్దెనిమిదికి చంకలో బిడ్డతో పుట్టింటికి, నలభయ్యో ఏట ఎండీ. ఇంతవరకూ బ్రహ్మాండం.

నిన్న రాత్రి నేను ఇంకొంచెం ముందుకి చదివాను. "పనికిరాని" మనుషులకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసెయ్యాలని చట్టం కోసం ఏళ్ళ తరబడి తిరిగింది కూడా ఈవిడేనట. టీచర్ ఇచ్చిన కాగితంలో ఆ ముక్క లేదు. పాపకి చెప్పాలా, మనిషిని మార్చమనాలా? మా ఆవిడ మాత్రం "గౌను కుట్టించేశాను, మార్చేది లేదు" అంటోంది.

అట్లాంటా_అత్తమ్మ
గౌను కుట్టించాక ఇంక చర్చ దేనికి నాయనా.

సుబ్బు_99
అమెరికాలో మొదటి లేడీ డాక్టరా ఈవిడ?

పాత_పేపరు
కాదు సుబ్బూ. మొదటావిడ ఎలిజబెత్ బ్లాక్‌వెల్, 1849లోనే పట్టా తీసుకుంది. బెథీనియా దాని తర్వాత ముప్పై ఏళ్ళకి. కానీ పసిఫిక్ తీరంలో పెద్ద యూనివర్సిటీ పట్టాతో ప్రాక్టీసు పెట్టిన తొలి ఆడవాళ్ళలో ఈవిడ ఒకరు. అసలు విశేషం అది కూడా కాదు, ఎక్కడ మొదలెట్టి అక్కడికి చేరిందీ అన్నది.

తండ్రి టామ్ ఓవెన్స్ 1843 నాటి పెద్ద బండ్ల బిడారంలో వచ్చాడు. దాదాపు వెయ్యిమంది జనం, రెండు వేల మైళ్ళ దారి. కొలంబియా నది సముద్రంలో కలిసే చోట, క్లాట్సప్ మైదానంలో దిగారు. చేతిలో డబ్బు లేదు. పదేళ్ళు తిరిగేసరికి పశువులతో కలిగిన రైతు అయ్యాడు. ఈ పిల్ల ఇంట్లో తర్వాత పుట్టినవాళ్ళందరికీ ఆయా. తమ్ముడు ఫ్లెమ్‌తో కుస్తీ పట్టేది. ఒకసారి పందెం కాసి యాభయ్యేసి పౌన్ల పిండి బస్తాలు నాలుగు ఒకేసారి మోసిందట. చదువు మాత్రం మూణ్ణెల్ల బడి, అంతే.

పెళ్ళినాటికి పెళ్ళికొడుకు హిల్ ఆస్తి ఒక గుర్రం, జీను, పాత తుపాకి, జేబులో ఇరవై డాలర్లు కూడా లేవు. అయినా మూడొందల ఇరవై ఎకరాలు ఆరొందల డాలర్లకి అప్పు మీద బేరం చేశాడు. ఇల్లంటే పన్నెండడుగులకి పద్నాలుగడుగుల దుంగల గుడిసె. నేల మీద చెక్కల్లేవు, పొగగొట్టం లేదు. పిల్ల తరఫు నుంచి వచ్చినవి గుర్రం, ఆవూ దూడా, బండి, తను కుట్టుకున్న బొంతలు. చలికాలం వచ్చేసరికి ఆయనగారు వేటకి పోతాడు, లేకపోతే పుస్తకం చదువుకుంటూ కూర్చుంటాడు. ఇల్లు ఎంతకీ పూర్తవదు.

కరీంనగర్_కాకా
పద్నాలుగేండ్లకు పెండ్లి అని వాసు తమ్ముడు షాకయిండు గానీ మా నాయనమ్మకు పదకొండుకే చేసిండ్రు. బస్తా లెక్క జెప్పు ముందు. నాలుగు యాభైలు రెండు వందల పౌన్లు, అంటే తొంభై కిలోలు. పదమూడేండ్ల పోరి? నేను నమ్మ.

అట్లాంటా_అత్తమ్మ
మా అత్తగారు వడ్ల బస్తా నడుం మీద ఎత్తేసేవారు కాకా. నమ్మకపోతే రండి, తొంభై దాటాక ఇప్పటికీ నన్ను ఎత్తేయగలరు.

చింతచెట్టు_నీడ
ఒక సంగతి గుర్తుపెట్టుకోండి అందరూ. ఈ గుర్రం, జీను, బస్తాల కబుర్లన్నీ ఆవిడే 1906లో అచ్చేసుకున్న ఆత్మకథలోవి. అరవై దాటాక, గెలిచాక రాసుకున్నది. మొగుడి వైపు కథ ఎవడూ రాయలేదు. వాడు నిజంగా అంత దద్దమ్మో కాదో మనకేం తెలుసు?

లాయరమ్మ
చింతచెట్టు గారూ, కథ ఆవిడదే, ఒప్పుకుంటాను. కానీ విడాకులు ఆవిడ నోటిమాట కాదు, 1859లో కోర్టు ఇచ్చినవి. బిడ్డని కూడా ఆవిడకే ఇచ్చారు, పుట్టింటి పేరు మళ్ళీ పెట్టుకోనిచ్చారు. ఆ రోజుల్లో తండ్రికి కాకుండా తల్లికి బిడ్డని అప్పజెప్పడం మాటలు కాదు. ఆవిడ తరఫు వకీలు స్టీఫెన్ చాడ్విక్, తర్వాత ఆ రాష్ట్రానికి గవర్నరయ్యాడు. ఆవిడ చెప్పిన కారణాల్లో ఒకటి వింటే మీకే తెలుస్తుంది: జ్వరంతో నీరసించిన పసివాడికి రాత్రి భోజనాల దగ్గర ఉడికించిన గుడ్లు ఆరు కుక్కాడట తండ్రి.

ఇంకో విషయం, వయసు గురించి. దీనికి భూమి చట్టంతో సంబంధం ఉంది. మనవాళ్ళు హోమ్‌స్టెడ్ (స్థిరపడేవాళ్ళకి సర్కారు ఇచ్చే భూమి) అనగానే లింకన్ 1862 చట్టం అనుకుంటారు. నూట అరవై ఎకరాలు, అయిదేళ్ళు కాపురముండి దున్నితే పట్టా. ఒరెగాన్‌లో దానికంటే ముందే 1850లో డొనేషన్ ల్యాండ్ చట్టం వచ్చింది. అప్పటికే వచ్చి స్థిరపడ్డ ఒంటరి మగాడికి మూడొందల ఇరవై ఎకరాలు, పెళ్ళయినవాడికి ఆరొందల నలభై. అందులో సగం భార్య పేరు మీదే. తర్వాత 1855 దాకా వచ్చినవాళ్ళకి అందులో సగం. ఆడవాళ్ళ పేరున భూమి రాయడం అనేది ఆ కాలానికి గొప్పే. కాకపోతే ఏమైందీ? పెళ్ళి చేసుకుంటే భూమి రెట్టింపు. ఊళ్ళో పెళ్ళీడు ఆడపిల్లలు తక్కువ. పన్నెండు, పద్నాలుగేళ్ళ పిల్లల కోసం కూడా గుమ్మాలెక్కారు.

హిల్‌గారి పొలం ఆ చట్టం కింద వచ్చింది కాదు, అప్పుకి కొన్నది. కానీ పద్నాలుగేళ్ళ పిల్లకి పెళ్ళంటే ఎవరూ అడ్డం చెప్పకపోవడానికి ఆ గాలి కూడా ఒక కారణం.

కరీంనగర్_కాకా
అంటే మనకాడ పిల్లకు రేటు గట్టి పైసలు దీసుకునేటోళ్ళు, ఆడ సర్కారే పిల్లకు రేటు గట్టి భూమి ఇచ్చింది. కన్యాశుల్కం ఎకరాల లెక్కల.

కృష్ణలంక_పిల్ల
కాకా 😂 ఇది ఫ్రేమ్ కట్టించుకోవాలి.

ఏలూరు_ఎల్లయ్య
ఎవరి భూమి ఎవరు పంచారో ఆ మాట ఒక్కరూ అనరేంటి? క్లాట్సప్ అన్న పేరే అక్కడి మనుషులది. 1851 ఆగస్టులో టాన్సీ పాయింట్ దగ్గర వాళ్ళతో ఒప్పందాలు రాయించుకున్నారు, సెనేట్ వాటిని ఆమోదించనే లేదు. ఒప్పందమూ లేదు, అప్పట్లో పరిహారమూ లేదు, భూమి మాత్రం పోయింది. 1850 చట్టం ప్రకారం నల్లవాళ్ళకి కూడా ఎకరం రాదు. ఓవెన్స్ కుటుంబం చెమటోడ్చి పైకొచ్చింది నిజమే. చెమటోడ్చడానికి చోటు ఎలా దొరికిందో కూడా రాయాలి.

చింతచెట్టు_నీడ
ఐదో క్లాసు పిల్ల నిమిషంలో ఇదంతా చెప్పాలా ఎల్లయ్యా?

ఏలూరు_ఎల్లయ్య
పిల్ల చెప్పక్కర్లేదు. మనం తెలుసుకోవచ్చు కదా.

సుబ్బు_99
డాక్టర్ ఎలా అయిందో ఎవరైనా చెప్పండి బాబూ. భూమి దగ్గరే ఆగిపోయాం.

పాత_పేపరు
విడాకుల తర్వాత సరిగ్గా చదవడం, రాయడం కూడా రాదు ఆవిడకి. బట్టలుతికింది, ఆవులు పితికింది, బెర్రీలు కోసి అమ్మింది. ఆస్టోరియాలో చిన్నపిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని లెక్కలు నేర్చుకుంది. తెల్లారి నాలుగింటికి లేచేది. మధ్యలో క్లాట్సప్‌లో ఒక చిన్న బడి పెట్టి పదహారుమందికి పాఠాలు చెప్పింది. అందులో ముగ్గురు తనకంటే ముందున్నవాళ్ళు! రాత్రి వాళ్ళ పుస్తకాలు ఇంటికి తెచ్చి, బావగారి దగ్గర చెప్పించుకుని, పొద్దున్నే వాళ్ళకే చెప్పేది.

ఆ తర్వాత రోజ్‌బర్గ్‌లో ఆడవాళ్ళ టోపీలు, గౌన్ల దుకాణం. పక్కనే పోటీ దుకాణం వచ్చి బేరం లాగేస్తే, శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళి అక్కడ మంచి పనివాళ్ళ దగ్గర మూణ్ణెల్లు నేర్చుకుని వచ్చి మళ్ళీ నిలబడింది. ఆ టోపీల డబ్బుతోనే కొడుకు జార్జ్‌ని కాలిఫోర్నియాలో చదివించింది. అబిగైల్ డనివే అని ఓటు హక్కు కోసం పోర్ట్‌లాండ్‌లో పత్రిక నడిపినావిడ ఉంది, ఆ పత్రికకి చందాలు కూడా కట్టించేది.

డాక్టర్_ప్రొద్దుటూరు
వైద్యంలోకి వచ్చిన ముచ్చట నేను చెప్తా, నాకు బాగా నచ్చిన ఘట్టం. స్నేహితురాలి బిడ్డకి మూత్రం బంద్ అయింది. ముసలి డాక్టరు లోహపు గొట్టంతో తంటాలు పడతాండాడు, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తాంది. ఆయన కళ్ళజోడు తుడుచుకోవడానికి గొట్టం కింద పెట్టినాడు. ఈమె దాన్ని తీసుకుని "నన్ను చూడనీండి డాక్టరుగారూ" అని ఒక్కసారికే లోపలికి పంపించేసింది. బిడ్డకి ఉపశమనం, తల్లి ఈమెని వాటేసుకునింది, డాక్టరుగారికి మాత్రం మొహం మాడిపోయింది.

హౌస్‌సర్జన్సీ చేసినోళ్ళకి తెలుస్తాది ఆ క్షణం. చేతికి అదే వస్తాది కొందరికి. మా బ్యాచ్‌లో ఒక పాప ఉండేది, ఎవరికీ దొరకని నరం ఆమెకి దొరికేది. మేమంతా సెలైన్ బాటిల్ పట్టుకుని ఆమె కోసం వెతుక్కునేవాళ్ళం.

తర్వాత ఇంకో డాక్టరు దగ్గర గ్రేస్ అనాటమీ అడిగి తెచ్చుకునింది. అప్పటికి ఆ పుస్తకం వచ్చి పదిహేనేళ్ళు కూడా కాలేదు. మనం ఫస్టియర్‌లో తిట్టుకుంటూ మోసిన పుస్తకమే.

లాయరమ్మ
ఆ పుస్తకం అడిగేటప్పుడు పక్కనే ఉండి విని, వచ్చి చెయ్యి కలిపి "ముందుకెళ్ళు, నువ్వు గెలుస్తావు" అన్నది మన వకీలు చాడ్విక్కే. ఇంట్లోవాళ్ళు మాత్రం పరువు పోయిందన్నారు.

కృష్ణలంక_పిల్ల
మా అమ్మ ఇద్దరు పిల్లలు పుట్టాక టీచర్ ట్రైనింగ్‌కి వెళ్తానంటే మా నాయనమ్మ మూడు రోజులు అన్నం మానేసింది. చివరికి రిటైరయ్యేదాకా ఇల్లు నడిపింది ఆ జీతమే. నాయనమ్మ మందులు కూడా.

అట్లాంటా_అత్తమ్మ
మూడు రోజులు నిజంగా మానేసిందా, వంటింట్లో రాత్రిళ్ళు...?

కృష్ణలంక_పిల్ల
బెల్లం డబ్బా ఖాళీ అయిందని తర్వాత తెలిసిందిలెండి.

చింతచెట్టు_నీడ
ఇంతకీ ఫిలడెల్ఫియాలో ఈవిడ చదివిన మొదటి కాలేజీ ఏంటో చెప్పరేం? ఎక్లెక్టిక్ స్కూలు. అంటే మూలికలు, ఆవిరి స్నానాలు. అసలు డాక్టర్లు ఆ పట్టాని పట్టానే అనరు. ఆర్ఎంపీ లాంటిదన్నమాట.

డాక్టర్_ప్రొద్దుటూరు
నిజమే, అది ఆమెకి కూడా తెలుసు. పోర్ట్‌లాండ్‌లో కరెంటు స్నానాలు, మందు కలిపిన ఆవిరి స్నానాలు పెట్టి బాగానే సంపాదించింది, జనం "స్నానాల డాక్టరు" అని ఎగతాళి చేసినారు. సంపాదన ఆపుకుని, నలభైకి దగ్గరపడ్డాక 1878లో మళ్ళీ విద్యార్థి అయింది, అదీ చూడండి. జెఫర్సన్ మెడికల్ కాలేజీలో అడిగితే ఆడవాళ్ళకి లేదన్నారు (వాళ్ళు తలుపు తెరిచింది 1961లో!). మిషిగన్ యూనివర్సిటీ 1870 నుంచే ఆడవాళ్ళని తీసుకుంటాంది. ఆన్ ఆర్బర్ పోయి 1880లో ఎండీ. తర్వాత షికాగో ఆసుపత్రుల్లో పని, యూరప్‌లో ఆసుపత్రులు చూసి రావడం. తిరిగొచ్చి కన్ను, చెవి జబ్బులు ఎక్కువగా చూసింది. ఆర్ఎంపీ అనేముందు ఇదంతా చూడల్ల.

పాత_పేపరు
శవపరీక్ష సంగతి చెప్పకపోతే ఈ చర్చ అసంపూర్తి. ఫిలడెల్ఫియా నుంచి తిరిగొచ్చిన కొత్తలో రోజ్‌బర్గ్‌లో ఒక దిక్కులేని ముసలాయన చనిపోయాడు. ఊరి డాక్టర్లు శవాన్ని కోసి చూద్దామని చేరారు. వాళ్ళలో ఒకాయనకి ఈవిడంటే పడదు. వేళాకోళానికి "ఫిలడెల్ఫియా డాక్టరమ్మని కూడా పిలవండి" అన్నాడు. రాదనుకున్నారు. వచ్చింది. పరీక్ష చేయాల్సింది మర్మాంగాలకి. ఒకాయన అభ్యంతరం చెప్పాడు. ఆడదాని శవాన్ని మగ డాక్టరు కోస్తే లేని తేడా, మగవాడి శవాన్ని ఆడ డాక్టరు చూస్తే ఏమొచ్చిందని అడిగింది. ఓటు పెట్టారు, ఉండమన్నారు. అంతలో ఒకడు పరికరాల పెట్టె తెచ్చి ఆవిడ చేతికే ఇచ్చాడు. నలభై యాభైమంది మగాళ్ళు గుడ్లప్పగించి చూస్తుండగా మొత్తం తనే చేసింది.

ఊరు ఊరంతా రోడ్ల మీదకొచ్చింది. తారు పూసి ఈకలు అంటించి తరిమేసేవాళ్ళేనట, ఆవిడ అన్నదమ్ములు తుపాకులు పట్టుకొస్తారన్న భయం ఒక్కటే ఆపింది.

కరీంనగర్_కాకా
పందెం గాసిన ఫ్లెమ్ తమ్ముడు ఇట్ల అక్కరకొచ్చిండు.

సుబ్బు_99
ఇది సినిమా తియ్యాలి.

బీవర్టన్_వాసు
శవపరీక్ష ముక్క మా పాప చదివేసింది. ఇప్పుడు అదే చెప్తానంటోంది, మర్మాంగాలతో సహా. నాకు కొత్త తలనొప్పి తెచ్చారు, థాంక్స్.

అసలు ప్రశ్న దగ్గరికి రండి. ఆ చట్టం సంగతి?

నూజివీడు_రసాలు
ఇందులో అంత తికమకేముంది వాసుగారూ. ఆ రోజుల్లో చదువుకున్నవాళ్ళంతా అదే అనేవాళ్ళు. ఇండియానాలో 1907లోనే మొదటి చట్టం వచ్చింది. 1927లో సుప్రీంకోర్టు కూడా సరే అంది, ఈవిడ పోయిన మరుసటేడు. కాలాన్ని బట్టి మనిషిని చూడాలి.

లాయరమ్మ
"అంతా" అనకండి. ఒరెగాన్ లెక్కే చూడండి. ఈవిడ పట్టుబట్టగా పట్టుబట్టగా 1909లో శాసనసభలో నెగ్గింది. గవర్నర్ చేంబర్లెయిన్ వీటో చేశాడు. 1913లో మళ్ళీ నెగ్గించారు. అప్పుడు జనం సంతకాలు సేకరించి ఓటింగుకి పెట్టి దాన్ని ఓడించారు. మామూలు ఓటర్లు! అంతకు ముందు ఏడాదే అక్కడ ఆడవాళ్ళకి ఓటు వచ్చింది, దానికోసం తిరిగినవాళ్ళలో ఈవిడ కూడా ఉంది. ఆ ఓటు ఈవిడ చట్టం మీద పడింది. అయినా వదల్లేదు, 1917లో సాధించింది. అప్పటికి డెబ్బై ఏడేళ్ళు. కాబట్టి "ఆ కాలంలో ఎవరికీ తెలియదు" అనడానికి లేదు. తప్పని చెప్పినవాళ్ళు పక్కింట్లోనే ఉన్నారు.

పాత_పేపరు
లాయరమ్మగారి దానికి తోక: ఆ 1913 ఉద్యమాన్ని ముందుండి నడిపినావిడ లోరా లిటిల్. ఆవిడ ఇంకో పని కూడా చేసేది. టీకాలు వద్దని ప్రచారం.

డాక్టర్_ప్రొద్దుటూరు
అబ్బా! అంటే టీకాలు వద్దన్న మనిషి ఇక్కడ కరెక్టు, ఎండీ చదివిన మనిషి తప్పు. ఇది మా వైద్యులకి మింగుడుపడదు. వంశపారంపర్యం గురించి సగం తెలిసి పూర్తిగా తెలిసినట్టు మాట్లాడటం మా వృత్తికి పాత రోగం.

చింతచెట్టు_నీడ
మీరు కూడా సగమే తెలిసి పూర్తిగా రాస్తారు డాక్టర్‌గారూ. పోయినసారి ఇక్కడే పసుపు మీద చర్చలో చూశాంగా.

డాక్టర్_ప్రొద్దుటూరు
పసుపు చర్చ మళ్ళీ తెరవద్దు.

ఏలూరు_ఎల్లయ్య
నవ్వులాట సరే. చట్టం తర్వాత ఏమైందో చూడండి. ఒరెగాన్‌లో సుమారు 2,600 మందికి చేశారు. పిచ్చాసుపత్రుల్లో ఉన్నవాళ్ళు, బుద్ధిమాంద్యం అని ముద్ర పడ్డవాళ్ళు, "చెడు తిరుగుళ్ళు" అని సంస్కరణ బళ్ళలో పెట్టిన ఆడపిల్లలు. పదిహేనేళ్ళ పిల్లలు ఉన్నారు వాళ్ళలో. ఆఖరి ఆపరేషన్ 1981లో. నేను పుట్టాక! దానికో బోర్డు కూడా ఉండేది, యూజెనిక్స్ బోర్డు. యూజెనిక్స్ అంటే "మంచి" వంశాలే పెరగాలి, మిగతావి ఆగిపోవాలి అనే వాదం. పేరు బాగోలేదని మధ్యలో "సామాజిక రక్షణ బోర్డు" అని మార్చారు. 1983లో ఎత్తేశారు. 2002 డిసెంబర్‌లో గవర్నర్ కిట్జ్‌హాబర్ క్షమాపణ చెప్పాడు. ఆయనా డాక్టరే.

నూజివీడు_రసాలు
1981 దాకా జరిగిందానికి 1926లో పోయినావిడ ఎలా బాధ్యురాలు?

ఏలూరు_ఎల్లయ్య
బండి తోసింది ఆవిడ. లోయలో పడేసరికి ఆవిడ లేదు. అంతే తేడా.

కడియం_నర్సరీ
ఎమర్జెన్సీ గుర్తుందా ఎవరికైనా? మా పెదనాన్న ప్రైమరీ స్కూలు మాస్టారు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కి ఇన్ని కేసులు తేవాలని పై నుంచి ఒత్తిడి. ఊళ్ళో తనకి తెలిసిన మనుషుల్నే, ఎక్కువగా కూలీలని, బతిమాలి తీసుకెళ్ళాడు. ఒకాయనకి అప్పటికి ఒక్కతే కూతురు. తర్వాత ఆ కూతురు జ్వరమొచ్చి పోయింది. ఆయన మా పెదనాన్న ఇంటి ముందుకొచ్చి ఏమీ అనేవాడు కాదు, కాసేపు అరుగు మీద కూర్చుని వెళ్ళిపోయేవాడు. పెదనాన్న ఆ టైముకి పెరట్లోకి వెళ్ళిపోయేవారు. చట్టం రాసినవాళ్ళకి ఆ అరుగు కనబడదు.

కృష్ణలంక_పిల్ల
...

నూజివీడు_రసాలు
నర్సరీగారూ, మీ మాటకి నా దగ్గర ఎదురు లేదు. కానీ ఈవిడ చేసిన మంచి ఊరికే పోదు కదా.

మోడరేటర్
ఎమర్జెన్సీ మీద పార్టీల గొడవ ఎవరైనా మొదలెడితే ఆ పోస్టులు తీసేస్తాను. నర్సరీగారి పోస్టు ఉంటుంది.

లాయరమ్మ
నన్ను వేధించేది ఇది. పద్నాలుగేళ్ళకి తన ఒంటి మీద తనకి హక్కు లేకుండా పెళ్ళయింది. అందులోంచి బయటపడటానికి కోర్టుకెళ్ళింది. ఊరు తారు పూస్తానన్నా లెక్కచెయ్యలేదు. అలాంటి మనిషి, వేరే ఆడపిల్లల ఒంటి మీద ప్రభుత్వానికి హక్కు రాసివ్వమని అడిగింది. తను కష్టపడి పైకొచ్చింది కాబట్టి, రానివాళ్ళది రక్తంలోనే లోపం అనుకుంది. నాకైతే ఆవిడ గెలుపుకీ, ఆవిడ తప్పుకీ వేరు ఒకటే అనిపిస్తుంది.

అట్లాంటా_అత్తమ్మ
ఇది మా అక్కగారి దగ్గర చూశాను నేను. చీరల మూట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి పిల్లల్ని చదివించింది. ఇప్పుడు ఎవరు కష్టమని చెప్పుకున్నా "నేను పడలేదా" అంటుంది. దాని ముందు మోకాళ్ళ నొప్పి అనడానికి కూడా భయం నాకు.

చింతచెట్టు_నీడ
బాగా చెప్పారత్తమ్మా. మొదటిసారి మీతో ఏకీభవిస్తున్నాను, తేదీ రాసిపెట్టుకోండి.

కరీంనగర్_కాకా
డాక్టర్ అంటే గుర్తొచ్చింది. గా 1843 బండ్లల్ల ఇంకో డాక్టర్ ఉండెగదా, మిషనరీ, విట్మన్ అని?

పాత_పేపరు
అవును, మార్కస్ విట్మన్ ఆ బిడారంతోనే వెనక్కి వచ్చాడు, మూడేళ్ళ బెథీనియా కూడా అందులోనే. ఆయన కయూస్ తెగవాళ్ళ మధ్య మిషన్ నడిపాడు. 1847లో తట్టు వచ్చింది. తెల్లవాళ్ళ పిల్లలు చాలామంది కోలుకుంటున్నారు, కయూస్ పిల్లలు రాలిపోతున్నారు. వాళ్ళ ఒంటికి ఆ జబ్బు కొత్త. డాక్టరే విషం పెడుతున్నాడన్న అనుమానం వచ్చింది. రోగి పోతే వైద్యుణ్ణి చంపడం వాళ్ళ ఆచారంలో ఉన్నదే. నవంబర్ 29న మొదలై కొద్ది రోజుల్లో ఆయన్నీ, భార్యనీ, ఇంకా పదకొండుమందినీ చంపారు. తర్వాత అయిదుగురు కయూస్ మనుషుల్ని ఉరితీశారు.

డాక్టర్_ప్రొద్దుటూరు
కేస్ పోతే ఆసుపత్రి అద్దాలు పగలగొట్టడం అప్పట్నుంచే ఉందన్నమాట. నా క్లినిక్ ముందు అద్దం తీసేసి రేకు వేయించినా.

కృష్ణలంక_పిల్ల
రెండో పెళ్ళి చేసుకుందా ఆవిడ? అడేర్ అని ఉందిగా.

పాత_పేపరు
1884లో, కల్నల్ జాన్ అడేర్‌ని. చిన్నప్పటి ఎరికే. ఆయనకి భూముల మీద పెద్ద పెద్ద కలలు, ఈవిడ డబ్బు అందులో బాగానే కరిగింది. 47వ ఏట ఆడపిల్ల పుట్టి మూడ్రోజులకే పోయింది. ఆస్టోరియా దగ్గర సన్నీమీడ్ అనే పొలానికి చేరారు. అక్కడ పదకొండేళ్ళు పల్లె వైద్యం. ఆటుపోట్ల నేల, రోడ్డు ఉండదు. గుర్రం పోయినంత దూరం గుర్రం మీద, ఆ తర్వాత బురదలో, పడిపోయిన దుంగల మీదుగా నడక. రాత్రయినా వానయినా పిలిస్తే రానన్నది లేదని గర్వంగా రాసుకుంది. ఇంటికొస్తే పశువులు, పొలం. 1899లో వాషింగ్టన్ రాష్ట్రంలో నార్త్ యాకిమాకి మారి, 1905లో ప్రాక్టీసు మానేసింది.

డాక్టర్_ప్రొద్దుటూరు
ఆ పదకొండేళ్ళ మీద నాకు గౌరవం. రూరల్ పోస్టింగ్‌లో రాత్రి ట్రాక్టర్ మీద కాన్పు కేసుకి పోయినా నేను. వాగు దగ్గర ట్రాక్టర్ దిగబడింది. ఆయా చెప్పులు చేతిలో పట్టుకుని ముందు నడుస్తాంది, నేను బ్యాగు నెత్తిన పెట్టుకుని వెనక. పోయేసరికి కాన్పు అయిపోయింది, టీ ఇచ్చినారు.

బీవర్టన్_వాసు
ఆస్టోరియాలో ఇప్పటికీ ఆవిడ పేరున ఒక బిల్డింగ్ ఉంది. తక్కువ ఆదాయం ఉన్న పెద్దవాళ్ళు అద్దెకుండే అపార్ట్‌మెంట్లు.

మా పాపకి రాత్రి మొత్తం చెప్పాను, నాకు వచ్చిన భాషలో. కాసేపు ఆలోచించి "అంటే ఆవిడ మంచి డాక్టరు, చెడ్డ చట్టం" అంది. తర్వాత, "నన్ను ఎవరైనా దాని గురించి అడిగితే నేను ఆవిడలాగే మాట్లాడాలా, నాలాగా మాట్లాడాలా?" అని అడిగింది. నాకు తోచలేదు.

లాయరమ్మ
కథ ఆవిడలాగే చెప్పమనండి. ఆఖర్లో ఒక్క వాక్యం: "నేను అడిగిన చట్టం వల్ల చాలామందికి అన్యాయం జరిగింది, 2002లో మా గవర్నర్ క్షమాపణ చెప్పాడు." చచ్చిపోయినావిడకి 2002 ఎలా తెలుసని ఎవరూ అడగరు. బొమ్మ మాట్లాడుతుంటేనే అడగనివాళ్ళు.

నూజివీడు_రసాలు
టీచర్‌కి ముందే చెప్పండి వాసుగారూ. లేకపోతే ఎవరో ఒక పేరెంట్ మెయిల్ పెడతారు, పిల్ల బిక్కమొహం వేస్తుంది.

ఏలూరు_ఎల్లయ్య
నూజివీడుతో ఏకీభవించడం నాకూ మొదటిసారే.

సుబ్బు_99
మొదటి మొగుడు హిల్ ఏమయ్యాడు?

పాత_పేపరు
విడాకులయ్యాక కూడా మళ్ళీ పెళ్ళి చేసుకుందాం రమ్మని వెంటపడ్డాడు. క్లాట్సప్ దాకా వచ్చాడు. ఈవిడ వెళ్ళలేదు.

కృష్ణలంక_పిల్ల
గుడ్లు తిన్న పిల్లాడు జార్జ్?

పాత_పేపరు
వాడూ డాక్టరే. విల్లమెట్ యూనివర్సిటీలో వైద్యం చదివించింది. వాడి చదువయ్యాక గోల్డెన్‌డేల్‌లో మందుల షాపు పెట్టించి, ఆ తర్వాతే తను మిషిగన్ బయల్దేరింది.

కరీంనగర్_కాకా
అంటే కొడుకు పట్టా ముందు, తల్లి పట్టా ఎనక?

డాక్టర్_ప్రొద్దుటూరు
రెండు ఫీజులూ తల్లే కట్టింది కాకా.

బీవర్టన్_వాసు
ఆదివారం ఆస్టోరియా వెళ్తున్నాం, పాప ఆ బిల్డింగ్ ఫోటో కావాలంటోంది. హిల్స్‌బరో వైపు నుంచి ఎవరైనా వస్తామంటే కార్లో ఇద్దరికి చోటుంది. పులిహోర మా ఆవిడ చేస్తోంది, నీళ్ళు మీరు తెచ్చుకోండి.